ఆకలీ, నిగ్రహమూ

తిండి విషయంలో మన సమాజం ఒక విచిత్రమైన పద్దు రాస్తుంది. లావుపాటి మనిషి ఎక్కువ తింటే ఆ తప్పు ఆ మనిషిది. అదే మనిషి ఆపరేషను చేయించుకుని తక్కువ తింటే ఆ గొప్ప డాక్టరుది. ఖర్చు ఒకరి పేరన, జమ మరొకరి పేరన రాసే ఈ పద్దు ఎక్కడో తప్పుతున్నది. ఎక్కడ తప్పుతున్నదో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది కొద్దిమంది స్థూలకాయుల సొంత గొడవ అయితే ఇక్కడ రాయవలసిన పని లేదు. మనిషి తన ప్రవర్తనకు తాను ఎంతవరకు బాధ్యుడు, అతన్ని తయారుచేసిన పరిస్థితులు ఎంతవరకు కారణం అన్న ప్రశ్న ఇందులో ఉన్నది. తాగే కూలివాణ్ణి గురించీ, బడి మానేసిన పిల్లను గురించీ, అప్పులపాలైన రైతును గురించీ మనం రోజూ వాదించుకునేది ఈ ప్రశ్ననే. తిండి దగ్గర అది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ ఒకే మనిషి జీవితంలో "ముందు", "తరవాత" అనే రెండు దశలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

నేను దీన్ని బయటినుంచి చూసి రాయటం లేదు. ఇరవయ్యేళ్లకు పైగా కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇంట్లో నలుగురికి వండిపెడుతున్నాను. నాలుగేళ్ల కిందట నా బరువు 118 కిలోలు. మధుమేహమూ, రక్తపోటూ ఉండేవి. మేడమీది తరగతికి వెళితే పాఠం మొదలుపెట్టబోయే ముందు కాసేపు కుర్చీలో కూర్చోవలసి వచ్చేది. అప్పుడు జీర్ణాశయంలో చాలా భాగం తీసేసే ఆపరేషను చేయించుకున్నాను.

ఆపరేషనుకు ముందు నాకు అందిన సలహాలన్నిటినీ రెండు మాటల్లో చెప్పవచ్చు: నోరు కట్టుకో. నేను నోరు కట్టుకోని మనిషిని కాను. ఒకసారి ఆర్నెల్లలో 14 కిలోలు తగ్గాను. ఆ తరవాత ఏడాదిన్నరలో 17 కిలోలు పెరిగాను. తగ్గినప్పుడు "ఎంత పట్టుదల!" అన్నవారే పెరిగినప్పుడు "పట్టుదల లేదు" అన్నారు. అంటే పట్టుదల అన్నది వాళ్లు నాలో చూసిన గుణం కాదు, తూకం ముల్లును చూసి నాకు తగిలించిన పేరు.

ఆకలి ముందు నిగ్రహం ఎంతవరకు నిలుస్తుందో తెలుసుకోవటానికి ఒక గట్టి పరీక్షే జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆ ప్రయోగం చేశాడు. చంపటం తమ అంతరాత్మకు విరుద్ధమని యుద్ధానికి పోవటానికి నిరాకరించిన యువకులు 36 మంది అందుకు తమంతట తాము ఒప్పుకున్నారు. వారికి 24 వారాలపాటు అరకడుపు తిండి పెట్టారు. వీళ్లు ఆరోగ్యవంతులు. ఒక నమ్మకం కోసం లోకాన్ని ఎదిరించినవాళ్లు. ఇంతకంటే నిగ్రహం గలవాళ్లను ఎక్కడినుంచి తేగలం? అయినా కొన్ని వారాలు గడిచేసరికి వాళ్ల ఆలోచనలన్నీ తిండి చుట్టూ తిరగసాగాయి. కొందరు వంటల పుస్తకాలు పోగుచేశారు. పళ్లేలు నాకారు. తిరిగి తిండి పెట్టటం మొదలైనాక కూడా కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు.

దీని వెనక ఉన్న యంత్రాంగం అర్ధ శతాబ్దం తరవాత గాని బయటపడలేదు. ఒంట్లో కొవ్వు నిల్వ ఎంత ఉన్నదో మెదడుకు చెప్పే లెప్టిన్ అనే పదార్థాన్ని 1994లో కనిపెట్టారు. జీర్ణాశయంలో తయారై మెదడులో ఆకలిని రేపే గ్రెలిన్‌ను 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. తిండి తగ్గించి బరువు తగ్గినవారి రక్తంలో గ్రెలిన్ పెరుగుతుందని 2002లో తేలింది. బరువు తగ్గటాన్ని శరీరం ఒక కరువుగా భావించి దానితో పోరాడుతుందన్నమాట. నోరు కట్టుకొమ్మనే వాళ్లు ఈ పోరాటంలో మనిషిని తన శరీరానికి ఎదురుగా నిలబెట్టి, రోజుకు మూడు పూటల చొప్పున, బతికినంతకాలం గెలుస్తూ ఉండమంటున్నారు.

ఇక ఆపరేషను సంగతి. కడుపులో పుండుకు జీర్ణాశయం కొంత కోసివేయించుకున్నవాళ్లు సన్నబడటం చూసి, అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, చికాషీ ఇటో అనే డాక్టర్లు 1966లో స్థూలకాయానికి ఇటువంటి ఆపరేషను ప్రారంభించారు. నాకు చేసినదాన్ని స్లీవ్ గాస్ట్రెక్టమీ అంటారు. జీర్ణాశయంలో నూటికి 75, 80 వంతులు తీసివేసి సన్నని గొట్టంలాగా మిగులుస్తారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయే పై భాగం కూడా అందులోనే పోతుంది. అందుచేత కడుపు చిన్నదవటమే కాక ఆకలే తగ్గిపోతుంది. ఆపరేషనైన వారానికి నేను గడియారం చూసుకుని తినవలసి వచ్చింది. లేకపోతే తిండి సంగతే గుర్తుండేది కాదు.

ఇప్పుడు ఆ పాత నీతిని దీనికి అన్వయించి చూద్దాం. అతితిండి శీలంలోని లోపమే అయితే, మత్తులో పడుకున్న రెండు గంటల్లో నా శీలం బాగుపడిందనుకోవాలి. నా సంకల్పం నిన్న ఎంత ఉన్నదో ఇవాళా అంతే ఉన్నది. మారినది అది ఎదుర్కోవలసిన బరువు. మనిషి సంకల్పాన్ని అది మోసే బరువు నుంచి విడదీసి కొలవటం, తలమీది మూటను లెక్కపెట్టకుండా కూలివాడి నడకను తప్పుపట్టటం వంటిది.

ఇంతవరకు వచ్చి ఆగిపోతే మరొక పొరపాటులో పడతాం. "అంతా కత్తి మహిమే, మనిషి చేసేదేమీ లేదు, ఇది అడ్డదారి" అనేవాళ్లు తాము భౌతికవాదులమని కూడా అనుకుంటారు. కాని ఇది యాంత్రికమైన భౌతికవాదం. కత్తి జీర్ణాశయాన్ని మార్చగలదు గాని అలవాటును కోసి తీసివేయలేదు.

ఆపరేషనుకు ముందే అలవాటుతో పని మొదలవుతుంది. కొవ్వు పట్టిన కాలేయం కుంచించుకుంటే గాని డాక్టరు పరికరాలకు చోటు దొరకదు. అందుకని రెండు వారాలు దాదాపు ద్రవాహారం మీదనే ఉంచారు. తరవాత మొదట నీళ్లవంటివి, ఆపైన చిక్కటి ద్రవాలు, ఆపైన గుజ్జు, ఆపైన మెత్తటి తిండి. మామూలు తిండికి వచ్చేసరికి రెండు నెలలయింది. ఆ మామూలు తిండి కూడా పాతది కాదు. మన భోజనం అన్నం కేంద్రంగా ఏర్పడినది. పెద్ద ముద్దలు కలిపి, త్వరగా మింగి, మధ్యమధ్య నీళ్లు తాగి, చివర మజ్జిగ అన్నంతో కడుపు నింపుకుంటాం. ఇప్పుడు రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. కాబట్టి పప్పు, గుడ్డు, చేప, పెరుగు ముందు. చోటు మిగిలితే అన్నం. ప్రతి ముద్దా నలగ నమలాలి. భోజనానికి అటూ ఇటూ అరగంట నీళ్లు తాగరాదు. బి12, ఇనుము, కాల్షియం వంటివి బతికినంతకాలం మందులుగా వేసుకోవాలి.

ఈ నియమాలు నేర్చుకోవటం కష్టం కాదు. పాతవి మరిచిపోవటం కష్టం. కడుపు నాలుగు చెంచాల దగ్గర చాలునంటుంది. చెయ్యి అప్పటికే ఐదో ముద్ద కలిపి ఉంటుంది. ఆ ముద్ద లోపలికి పోతే గుండె కింద నొప్పి, ఆ తరవాత వాంతి. చెయ్యి కడుపు మాట వినటానికి నాకు ఏడాది పట్టింది. ఈ ఏడాదే ముఖ్యం. ఆకలి క్రమంగా కొంత తిరిగివస్తుంది. మెత్తటి తీపి పదార్థాలు చిన్న కడుపులోనుంచి కూడా సులువుగా జారిపోతాయి. అలవాటు మారనివారు కొన్నేళ్లకు మళ్లీ బరువెక్కటం కద్దు. కత్తి చేసినది కొంత వ్యవధి సంపాదించి పెట్టటం. ఆ వ్యవధిలో చేయవలసిన పని మనిషిదే.

మరి అలవాటు ఎక్కడ నివసిస్తుంది? ఒక్క మనిషిలో కాదు. పెళ్లి బంతిలో వద్దంటున్నా మారు వడ్డించటంలో, అతిథి కొంచెం తింటే ఇంటివాళ్లు చిన్నబుచ్చుకోవటంలో, అన్నం పారెయ్యటం పాపమనటంలో అది ఉన్నది. ఈ మర్యాదలు ఊరికే పుట్టలేదు. 1876-78 నాటి ధాత కరువులో రాయలసీమలో జనం లక్షలుగా పోయారు. అటువంటి నేలమీద మెతుకు వదలకూడదన్నది గొప్ప నీతి. అయితే ఆ నీతిని అమలు జరిపే భారం ఎవరిమీద పడింది? ఆఖరున తినే ఆడదాని మీద. పిల్లలు వదిలినదీ, గిన్నె అడుగున మిగిలినదీ, రాత్రికి పాడైపోతుందనుకున్నదీ తన కంచంలోకే వస్తుంది. ఇంట్లో చెత్తబుట్టలో పడకూడనిదంతా ఆమె కడుపులో పడుతుంది. దాన్ని పొదుపు అంటారు. ఆమె లావెక్కితే మటుకు తిండిపోతు అంటారు.

ఆపరేషను తరవాత నేను ఆ మిగులు తినలేకపోయాను. తినకూడదని గట్టిగా అనుకోవటం వల్ల కాదు, పట్టదు గనక. అప్పుడు గాని ఇంట్లో ఎసట్లో ఎన్ని బియ్యం పోస్తున్నామన్న ప్రశ్న రాలేదు. ఇప్పుడు రోజూ ఒక గ్లాసు బియ్యం తక్కువ పోస్తున్నాం. పిల్లలు కావలసినంతే వడ్డించుకుంటున్నారు. నా అలవాటు మారిందనటం కంటే ఇంటి కొలత మారిందనటం సరి.

ఇక్కడ శ్రమ సంగతి చెప్పకుండా ముందుకు పోరాదు. ద్రవాహారం మీద ఉన్న ఆ రెండు వారాలూ నేను వంటింట్లో పోపు వేస్తూనే ఉన్నాను. ఇదే ఆపరేషను చేయించుకున్న ఒక సహోద్యోగికి భార్య చారు వడకట్టి ఇచ్చింది, గుడ్డు మెదిపి ఇచ్చింది, మాత్రల వేళలు రాసి గోడకు అంటించింది. ఆయన నిగ్రహాన్ని కాలేజీలో అందరూ మెచ్చుకున్నారు. ఆయన శ్రద్ధను నేను తక్కువ చెయ్యటం లేదు. కాని ఆ నిగ్రహంలో ఎన్ని గంటలు ఆమెవో లెక్కకట్టినవారు లేరు.

ఇంటి గడప దాటితే ఈ లెక్క ఇంకా పెద్దది. ప్రైవేటు ఆస్పత్రిలో ఈ ఆపరేషనుకు లక్షల్లో ఖర్చవుతుంది. నెల జీతం ఉన్నది గనక నేను అప్పు తెచ్చుకోగలిగాను. స్థూలకాయం ఉన్నవాళ్ల జబ్బని ఇంకా అనుకునేవారు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువు గలవాళ్లు. నూటికి 59 మంది రక్తహీనత గలవాళ్లు. ఈ రెండూ ఒకే ఒంట్లో ఉన్నవాళ్లు చాలామంది. 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం పేదల కడుపులో మంట చల్లార్చింది. అది చిన్న విషయం కాదు. కాని ఆ చౌక ధర పప్పుకూ, గుడ్డుకూ, పాలకూ రాలేదు. బియ్యంతో కడుపు నింపుకుని, బట్టల దుకాణంలో పన్నెండు గంటలు నిలబడి, రాత్రి పదింటికి ఇల్లు చేరి మొదటిసారి స్థిమితంగా కూర్చుని తినే అమ్మాయికి "మాంసకృత్తులు తిను, పెందలాడే తిను" అని చెప్పటం నీతిబోధ కాదు. ఆమె బతుకు తెలియకపోవటం.

ఒక ఆక్షేపణ రావచ్చు: పరిస్థితులే కారణమంటే లంచగొండి కూడా అదే అంటాడు గదా! అనడానికి వీల్లేదు. లంచం మానినవాడి శరీరం తిరగబడి అతన్ని లంచం కోసం వేధించదు. పైగా అతను తినేది ఇతరుల సొమ్ము. పరిస్థితులను లెక్కలోకి తీసుకోవటం అంటే అందరినీ ఒకే గాటన కట్టి క్షమించటం కాదు. ఎవరిమీద ఎంత బరువు ఉన్నదో విడివిడిగా తూచి చూడటం.

ప్రకృతి నియమాలకు అతీతంగా ఉండటాన్ని ఎంగెల్స్ స్వేచ్ఛగా ఒప్పుకోలేదు. "యాంటీ డ్యూరింగ్" (1878)లో ఆయన వాదన సారాంశం, ఆ నియమాలను తెలుసుకుని మన ఉద్దేశాలకు వినియోగించుకోవటంలోనే స్వేచ్ఛ ఉన్నదని. ఆకలి నియమాలు తెలియనంతకాలం మనం ఆకలిని పాపమన్నాం. తెలిశాక దాన్ని కొంత మార్చగలుగుతున్నాం. మార్చగలిగినచోటనే బాధ్యత పుడుతుంది.

పద్దులో తప్పు ఎక్కడున్నదంటే, మనం దోషాన్నీ బాధ్యతనూ ఒకటే అనుకుంటున్నాం. దోషం జరిగిపోయినదాన్ని గురించి. బాధ్యత ఇక జరగవలసినదాన్ని గురించి. 118 కిలోల బరువుకు నన్ను దోషిని చెయ్యటానికి ఎవరికీ ఆధారం లేదు. అయినా రేపు నా కంచంలో ఏముండాలన్నదానికి నేను బాధ్యురాలిని, ఎందుకంటే ఆ సాధనం ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఆ సాధనం దుకాణంలో నిలబడే అమ్మాయి చేతికి రాలేదు. రానంతవరకు ఆమె కంచానికి బాధ్యత ఆమెది కాదు. ఆమె పనిగంటలను నిర్ణయించేవాళ్లదీ, రేషను దుకాణంలో ఏం అమ్మాలో నిర్ణయించేవాళ్లదీ, వాళ్లను అడగకుండా ఊరుకునే మనదీ.

కాబట్టి లావుపాటి విద్యార్థినో, సహోద్యోగినో చూసినప్పుడు "ఎందుకింత తింటావు?" అని అడగటం మానేద్దాం. ఆ ప్రశ్నకు జవాబు సిగ్గు తప్ప మరొకటి ఉండదు. "నీ తిండి మారాలంటే ఏమేం మారాలి, అందులో మావంతు ఎంత?" అని అడుగుదాం. దీనికి జవాబులుంటాయి. వాటిలో కొన్ని మన వంటింట్లో, మన కాలేజీ కాంటీనులో రేపటినుంచే మొదలుపెట్టదగినవి. మిగతావాటికి సంఘాలు కట్టాలి.