నామరూపములు, డైజెస్టు

సిడ్నీ నగరమున, పరామట్టా ప్రాంతపు కార్యాలయములలో రైల్స్ చట్రముతో వెబ్‌సైట్లు నిర్మించు తెలుగువారి నిత్యకృత్యమునందు, మారిన వస్తువు మునుపటిదేనా యని బౌద్ధులకును నైయాయికులకును పూర్వము జరిగిన వివాదమొకటి అణగియున్నది. స్టైల్‌షీటు గాని జావాస్క్రిప్టు గాని లోకమునకు వెడలునపుడు, దాని అక్షరములన్నిటినుండి గణించిన డైజెస్టు పేరునకు చేరును. ఒక్క కామా మారినను పేరు వేరగును. రైల్స్‌లో ఇట్టి ఫైళ్లను సమకూర్చు స్ప్రాకెట్స్ 2011లో తెచ్చిన ఈ ఆచారమును, 2024లో రైల్స్ 8 సహజమార్గముగా స్వీకరించిన ప్రొప్‌షాఫ్టు సైతము విడువలేదు. పేరు మారుననియే బ్రౌజరు పాత ప్రతిని ఏడాదిపాటు నిశ్చింతగా దాచుకొనును. అమెరికా తూర్పుతీరపు సర్వరునకు పోయివచ్చుటకే సెకనులో అయిదవవంతు పట్టు సిడ్నీవారికిది స్వల్పలాభము గాదు.

మారినది మరియొకటియే యన్న బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఇచట గెలిచినట్లే తోచును. తన యంత్రముననే ఒకమారు ఫైళ్లను డైజెస్టు పేళ్లతో ముందుగానే సిద్ధపరచి, అనగా ప్రీకంపైల్ చేసి, ఆ ఫలితమును తొలగింప మరచి, 3000 పోర్టున సర్వరును లేపిన వాని పాట్లు చూడుడు: బటను రంగు నీలము నుండి ఎరుపునకు మార్చి, ఎన్నిమారులు రిఫ్రెష్ చేసినను తెరపై నీలమే! ఏ ఫైలునకు ఏ డైజెస్టు పేరో తెలుపు పట్టికయగు పాత మ్యానిఫెస్టు ‘అది యిదే’ యని సాక్ష్యము పలుకుచుండును. క్లాబర్ ఆజ్ఞతో దానిని తుడిచినగాని ఎరుపు కానరాదు. కత్తిరించిన గోళ్లు మరల పెరిగినపుడు ‘ఇవి అవే’ యనుకొనుట భ్రమయని బౌద్ధులు చూపిన దృష్టాంతమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము నాకు దొరకలేదు.

అయినను ఆ గెలుపు నిలువదు. సాయంకాలము మనసు మారి ఎరుపును మరల నీలము చేసినచో, ఉదయపు పేరే అక్షరము పొల్లుపోక తిరిగివచ్చును. గతించిన క్షణము తిరిగిరాదనువాడు దీనినెట్లు సమ్మతించును? డైజెస్టునకు సాదృశ్యమే తెలియును గాని తాదాత్మ్యము తెలియదు. నైయాయికుడైన ఉదయనుడు ఆత్మతత్త్వవివేకమున, సర్వమును క్షణక్షణము నశించునను బౌద్ధుల క్షణభంగవాదమును ఖండించుచు, పూర్వాపరములను కూర్చి చూచు స్థిరుడైన జ్ఞాతను నిలబెట్టెను. ఆ జ్ఞాత ఫైలులోను లేడు, మ్యానిఫెస్టులోను లేడు, ‘పొద్దున దిద్దినది ఇదియే’ యనుచు కీబోర్డు ముందు కూర్చున్నాడు.

ఆతడే సెలవునాడు సిడ్నీ చేరువనున్న హెలెన్స్‌బర్గ్‌నకు పోయి, 1985లో అచట ప్రతిష్ఠితుడైన వేంకటేశ్వరునకు మ్రొక్కును. శిల వేరు, శిల్పి వేరు. ఏ గణనము చేసినను తిరుమల మూర్తితో సరిపడదు. విగ్రహముననే దైవము వెలయునను అర్చావతారమును నమ్మిన భక్తుడు మాత్రము ‘వాడే వీడు’ అనుటకు క్షణమైనను జంకడు, ఏలయన ఆగమములు ఆ అభేదమును పోలికయందు గాక ప్రతిష్ఠయందు నిలిపినవి.