అధికారము లేని కర్త

డిచ్‌పల్లిలో, గుట్టమీది రామాలయము కనబడు దూరమున, తన యింట కూర్చుండి, ఏ దేశముననో యున్న సర్వర్లకు యాన్సిబుల్ ద్వారా పనులు పురమాయించు యువకునకు ఆ యంత్రములపై రూట్ హక్కు లేకుండుట నేడు వింత కాదు. ఎస్‌ఎస్‌హెచ్ కీతో లోనికి పోవును; తన హోం ఫోల్డరులో పైథాన్‌ను అమర్చుకొనును; తన పేరనే క్రాన్ పట్టిక వ్రాసి, తాను నిద్రించువేళ పని జరుగునట్లు చేయును. అంతకు మించి రూట్ హక్కు కోరి సుడో అని టైపు చేసి పాస్‌వర్డు నిచ్చెనా, నీ పేరు జాబితాలో లేదనియు, ఈ సంగతి పైకి తెలుపబడుననియు యంత్రము నిర్మొగమాటముగా చెప్పును.

ఇట్టివానిని కర్త యనవచ్చునా?

మీమాంసకులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. జైమిని తన సూత్రములలో ఆఱవ అధ్యాయమును యజ్ఞము చేయుట కెవరు అర్హులను అధికార విచారమునకే కేటాయించెను. ఆహుతి వేయువాడు ఋత్విజుడు, ఫలము యజమానునిది. దక్షిణతో అతని శ్రమను యజమానుడు క్రయము చేసికొనినట్లు వారి నిర్ణయము. ఫలము సరే, తప్పు జరిగిన నేమి? బ్రహ్మ యను ఋత్విజుడు మౌనముగా కూర్చుండి తక్కినవారి స్ఖాలిత్యములను కనిపెట్టి ప్రాయశ్చిత్తము జరుపును. హోత యేది పలికెనో, అధ్వర్యు డేది చేసెనో విడివిడిగా తెలియనిచో ఆ మౌనసాక్షి చేయగలిగిన దేమున్నది?

సర్వరులోని లాగు ఫైలు అట్టి సాక్షియే. పలువురు ఒకే రూట్ ఖాతాతో ప్రవేశించిన యెడల చెఱిపినవాడును రూటే, నిలిపినవాడును రూటే. సర్వాధికారము పొందినవాడు తన పేరును పోగొట్టుకొనును. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు పనికి వలసినంతకు మించి హక్కు లీయరాదని సూత్రీకరించినప్పుడు, ప్రమాదమువలన కలుగు నష్టమును తగ్గించుటయే వారు ప్రధానముగా చెప్పిన ప్రయోజనము. నాకు మాత్రము అందు కర్తృత్వ రక్షణమే ముఖ్యముగా తోచుచున్నది. పరిమితాధికారము గలవాడు చేసిన ప్రతి పని క్రిందను అతని పేరుండును.

అయినను జైమిని పక్షమున ఒక మచ్చ కలదు. దానిని దాచుట న్యాయము కాదు. నాలుగు వర్ణముల వారికిని యజ్ఞాధికారము కలదన్న బాదరి యను ఆచార్యుని మతమును ఆ అధ్యాయముననే త్రోసిపుచ్చి, శూద్రుని వెలుపల నిలిపిరి. అక్కడ హద్దు పనినిబట్టి కాదు, పుట్టుకనుబట్టి యేర్పడినది. సుడో జాబితాలో నొక పంక్తి చేర్చిన చాలును, నిన్న లేని హక్కు నేడు వచ్చును. పుట్టుకకు అట్టి సవరణ లేదు. కాని అదే పని చేయు ఇరువురిలో శాశ్వతోద్యోగి యన్న కారణముచే ఒకనికి సుడో లభించి, కాంట్రాక్టువాడు ప్రతి చిన్న ప్యాకేజీకిని టికెట్టు పెట్టి రెండు దినములు కాచుకొనవలసి వచ్చినచో, ఆ హద్దును పని నిర్ణయించిన దనుటకు వీలులేదు; బాదరి ఆక్షేపణమునకు ఉత్తరము అక్కడ ఇంకను రావలసియే యున్నది.