అడవిని నడిచే చూడాలి

సెలవులొస్తే హైదరాబాద్ రాంనగర్‌లో ఎన్నో కుటుంబాలు కారెక్కి దూరపు అడవులకు బయలుదేరతాయి. ప్రయాణం మంచిదే, కానీ కారు అద్దంలోంచి అడవి అర్థం కాదు. వనస్థలిపురం దగ్గరున్న మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానాన్నే చూడండి. ఒకప్పుడు నిజాం వేటాడిన చోటుకు 1975లో అహింసామూర్తి మహావీరుని పేరు పెట్టారు. అనుమతించిన బాటలో మెల్లగా నడిచేవారికే మట్టిలో గిట్టల గుర్తులు, మగ కృష్ణజింక కొమ్ముల మెలికలు కళ్లబడతాయి.

పిల్లలు అలసిపోతారంటారా? వాళ్ల అడుగుకు తగ్గట్టు మనమే నిదానిద్దాం. ఊరి అంచున ఉన్నదీ అడవేనా అంటారా? జింకకు మేతా నీడా దొరికే చోటు అడవే. నగరం చుట్టుముట్టేకొద్దీ దాని విలువ పెరుగుతుంది. కాలినడకన తెలుసుకున్న అడవినే పిల్లలు రేపు పట్టుదలగా కాపాడతారు.