అనాయాస మరణము – ఇరుగుపొరుగు ధర్మము

దైవదర్శనం ముగించుకొని వెలుపలికి వచ్చినవారు వెంటనే ఇంటిదారి పట్టక, మండపంలోనో మెట్లమీదనో ఒక క్షణం కూర్చొనడం మన ఆచారం. ఆ క్షణంలో కోరుకొనవలసినవి మూడని పెద్దలు నేర్పినారు. ప్రయాస లేని మరణం, ఒకరి ఎదుట దైన్యం లేని జీవనం, ప్రాణం పోవు వేళ భగవంతుని సాన్నిధ్యం. మార్కాపురం చెన్నకేశవస్వామి ఆలయంలో మా నాయనమ్మ ఈ మూడింటిని పెదవి కదలీ కదలకుండా కోరుకొనడం చిన్ననాడు ఎన్నో పర్యాయములు చూచినాను. సంతతిని గాని, సంపదను గాని ఆమె అడిగినట్లు జ్ఞాపకం లేదు.

ఈ మూడవ కోరిక నిస్సందేహంగా ఈశ్వరుడు తీర్చవలసినదే. అయితే మొదటి రెండింటిని కూడ ఆయన పైననే వేయడం న్యాయమా? కొంతకాలంగా నన్ను విడువని ప్రశ్న ఇది.

బేస్తవారిపేటలో మా వీధి చివర ఒక వృద్ధుడు ఉండేవాడు. గొంతులో పుండు లేచినది. దూరపు పట్టణంలోని ఒక ఆసుపత్రిలో, ఉన్న రెండెకరాలను తాకట్టు పెట్టి చికిత్స చేయించినారు. కొన్ని మాసముల పిమ్మట అక్కడివారు ‘ఇక చేయగలిగినది ఏమీ లేదు, ఇంటికి తీసికొని వెళ్ళండి’ అని పంపివేసినారు. ఇంటికి వచ్చిన తరువాత ఆయన మూడు నెలలు బ్రతికినాడు. కొడుకు బెంగుళూరులో కట్టడం పనిలో ఉన్నాడు. అప్పు తీరవలెను గదా, రాలేడు. కోడలు ఒక్కతే. రాత్రివేళ ఆయన మూలుగు వీధిలోని అన్ని ఇండ్లకు వినిపించేది. మేము తలుపులు వేసికొన్నాము. వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది గాని, నిజమిదే.

పెద్దకర్మ నాడు మాత్రం మూడువందల విస్తళ్ళు లేచినవి. వానిలో నా విస్తరి కూడ ఒకటి. వడ్డిస్తూ వచ్చిన ఆ కోడలు నా ముందు ఆగి, “అప్పుడు ఒక్క రాత్రి ఎవరైనా వచ్చి కూర్చొని ఉంటే, కాసేపు కునుకు తీసేదాన్ని అన్నా” అన్నది. నిష్ఠూరంగా అనలేదు. కూర వడ్డిస్తూ మామూలుగా అన్నది.

‘చేయగలిగినది ఏమీ లేదు’ అన్న మాట వైద్యశాస్త్రం దృష్ట్యా నిజమే కావచ్చును. ధర్మం దృష్ట్యా నిజమా? మహాభారతంలో భీష్మపితామహుడు అంపశయ్యపై ఒరిగిన ఘట్టాన్ని ఈ ప్రశ్నతో మరల చూడండి. దుర్యోధనుడు శల్యములను తీయుటలో నేర్పరులైన వైద్యులను పిలిపించినాడు. భీష్ముడు వారిని ధనమిచ్చి సత్కరించి పంపివేయుమన్నాడు. అనగా చికిత్స ముగిసినది. కాని సేవ ముగియలేదు. అంతకుముందే వాలిపోయిన తలకు ఆధారం కావలెనన్నాడు. రాజులు మెత్తని పట్టు దిండ్లు తెచ్చినారు. ఆయన వానిని కాదని అర్జునుని వైపు చూచినాడు. అర్జునుడు కన్నీటితోనే మూడు బాణములను నాటి తలకు ఎత్తు అమర్చినాడు. దాహమన్నప్పుడు భూమిని భేదించి జలధారను రప్పించినాడు. ఆయన చుట్టూ కందకం త్రవ్వించి కావలి పెట్టినారు. పితామహుడు ఏబదియెనిమిది రాత్రులు అట్లున్నాడు. వైద్యుడు చేయగలిగినది లేని ఆ దినములలోనే ధర్మరాజు ఆయన వద్ద శాంతిపర్వంలోని ధర్మోపదేశం విన్నాడు.

రాజులు తెచ్చినది తమ వద్ద ఉన్న దానిని. అర్జునుడు ఇచ్చినది పడుకొన్నవానికి కావలసిన దానిని. మన దానములలో ఎక్కువ భాగం పట్టు దిండ్లేమో అని నాకు అనుమానం. దేవాలయమునకు పంకా ఇచ్చినవారు దాని రెక్కలపై ఇంటిపేరుతో సహా వ్రాయించుకొంటారు. పంకా తిరుగునప్పుడు ఆ పేరు కనబడదు గనుక భగవంతుడు వారిని ఆ మేరకు రక్షించుచున్నాడనుకోవాలి. అన్నదానం గొప్పది, కాదనను. కాని మింగుడుపడని గొంతుకు అన్నదానం ఏమి ఉపకరిస్తుంది? ఒక రాత్రి మేలుకొని ఉండే దానికి ఫలకం వేయించుకొనే వీలు లేదు. దాత పేరు చెప్పుకొని ఆశీర్వదించుటకు ఆ గ్రహీత రేపు ఉంటాడన్న నమ్మకమూ లేదు.

మరణాసన్నుల సేవకు నేడు లోకమంతటా ‘హాస్పిస్’ అన్న పేరు వాడుకలో ఉన్నది. ఈ మాట మూలార్థం మనకు పరాయిది కాదు. పూర్వం ఐరోపాలో యాత్రికులకు ఆశ్రయమిచ్చిన సత్రములకే ఆ పేరుండేది. 1967లో లండన్ నగరంలో సిసిలీ సాండర్స్ అను వైద్యురాలు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ నెలకొల్పి, రోగి బాధ దేహానికి మాత్రమే చెందినది కాదనీ, మనస్సు, కుటుంబం, విశ్వాసం అన్నీ అందులో కలిసియున్నవనీ చూపినది. అంతకుముందే, 1952లో, మదర్ థెరిసా కలకత్తా కాళీఘాట్ అమ్మవారి గుడి ప్రక్కన, ఒకప్పుడు యాత్రికుల విడిదిగా ఉండిన కట్టడంలోనే వీధులలో పడిన మరణాసన్నులకు చోటిచ్చినది. శివరాత్రికి నల్లమల మీదుగా కాలినడకన శ్రీశైలం పోయేవారిని మనం పేరు అడగకుండా కూర్చొండబెట్టి మజ్జిగ ఇస్తాము. శ్రీశైలానికి తూర్పు వాకిలియైన త్రిపురాంతకం మన ప్రాంతంలోనిదే గదా. అంతకంటె దూరపు ప్రయాణంలో ఉన్నవాడు మన వీధిలోనే పడుకొని ఉంటే గడప దాటలేకపోతున్నాము.

మన భాషవారి నడుమ ఈ సత్రధర్మం లేకపోలేదు. హైదరాబాదులో 2011లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్బువారు ఆరంభించిన ‘స్పర్శ్ హాస్పిస్’ నయం కాని స్థితిలోని రోగులకు రుసుము లేకుండా, దాతల సహాయంతో సేవ చేయుచున్నది. కేరళలో జరిగినది మరింత ఆలోచింపదగినది. 1993లో కాలికట్టు వైద్యకళాశాలలో కొద్దిమంది వైద్యులు మొదలుపెట్టిన ఉపశమన సేవను క్రమంగా ఊళ్ళే తమ చేతిలోనికి తీసికొన్నవి. ఇంటింట చిన్న మొత్తములు పోగుచేసి, విద్యార్థులు, గృహిణులు, ఆటోలు నడుపుకొనేవారు శిక్షణ పొంది, నర్సుతో కలిసి రోగుల ఇండ్లకు వెళ్ళినారు. ప్రభుత్వం దీనికై విధానం ప్రకటించినది 2008లో. ముందు నడిచినది ఇరుగుపొరుగు.

కన్నబిడ్డలుండగా పరాయివారెందుకని కొందరంటారు. ఆ బిడ్డలు కంభంలో రైలెక్కి ఎక్కడెక్కడికి పోయినారో చూడండి. మిగిలినది సాధారణంగా ఒక స్త్రీ. ఆమె నిద్ర సంగతి ఏ శాస్త్రంలోనూ లెక్కకు రాలేదు. ఇక బాధ వారి వారి కర్మఫలమని మరికొందరంటారు. అట్లే అనుకొందాము. ఆ మూలుగు నా చెవిన పడడం ఎవరి కర్మఫలము?

బాధ మాన్పు విషయంలో ఒక సత్యం చెప్పవలసియున్నది. తీవ్రమైన క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ అనే మందు, వైద్యుని పర్యవేక్షణలో నోటి ద్వారా ఇవ్వదగినది, చౌకైనది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టం వలన అది దుర్లభమైనది. 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలు సడలించినారు. అయినను, మత్తుమందన్న భయం జనులలో ఇంకను పోలేదు. కనుక అనాయాస మరణం కొంతవరకు మందు వలన, కొంతవరకు మనుష్యుల వలన లభించునది. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగినవారు, మూత్రపిండములు చెడినవారు ఎందరో ఉన్న మన పడమటి ప్రాంతమునకు ఈ సేవ క్యాన్సరు రోగులకు మాత్రమే అనుకొనడం పొరపాటు.

నిరుడు మా వీధిలో మరొక ఇంట అట్టి స్థితియే వచ్చినది. ఈసారి వెళ్ళినాను. ఏమి మాట్లాడవలెనో తెలియక, పారాయణ గ్రంథమొకటి వెంట తీసికొనిపోయినాను. చదవమంటారా అని అడిగితే, ఆయన వద్దని తల ఊపినాడు. నా పట్టు దిండు అది. చాలసేపటికి, మంచమును గోడవైపు నుండి తిప్పి, వాకిలి కనబడునట్లు వేయుమని సైగ చేసినాడు. ఆ రోజు బేస్తవారం, సంత జనం వీధిలో పోతున్నారు. ఆయన కోడలు లోపలి గదిలో నిద్రపోతున్నది. మంచపు కోళ్ళు చప్పుడు చేయకుండా, కొంచెం కొంచెంగా తిప్పినాను.