మాల తీసిన మరునాడు



గడచిన పుష్యమాసములో ఒకనాటి సాయంకాలము మన ఆలయ మండపములో భాగవత ప్రవచనము ముగిసినది. తీర్థప్రసాదములు స్వీకరించి అందరును వెళ్లిపోయినారు. ఒక తల్లి మాత్రము స్తంభము ప్రక్కన నిలిచియున్నది. విషయమేమని అడిగితిని. ఆమె భర్త తాపీమేస్త్రి. మూడేండ్లుగా ఏటేట అయ్యప్పస్వామి మాల ధరించి శబరిమలకు వెళ్లివచ్చుచున్నాడు.

“అయ్యగారూ, మాలలో ఉన్న 41 రోజులూ మా ఇంట్లో దేవుడే తిరుగుతున్నట్టు ఉంటుందండీ. పిల్లల్ని కసరడు. నన్ను ఒక్క మాట అనడు. కొండకు పోయొచ్చి మాల తీసిన రాత్రే మళ్లీ తాగొస్తాడు. అన్ని రోజులు ఉండగలిగిన మనిషి ఆ మరుసటి రోజు ఎందుకు ఉండలేడండీ?” అని ఆమె అడిగినది.

“మనోనిగ్రహము చాలదమ్మా” అని చెప్పి పంపివేయవచ్చును. పూర్వము నేనును అట్లే చెప్పినవాడనే. కాని ఆలోచించిన కొలది ఆ సమాధానము నిలువదని తోచినది. తెల్లవారుజామున చన్నీటి స్నానము, పాదరక్షలు లేని నడక, ఒక్కపూట భిక్ష, చాప మీద నిద్ర, వీటినన్నిటిని 41 దినములు సాగించినవానికి మనోనిగ్రహము లేదనుట ఎట్లు? ఆ తల్లి ప్రశ్నను గూర్చియే ఈ మాసము నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

మన భాషలో ‘వ్యసనము’ అను పదమునకు రెండర్థములు ఉన్నవి. తాగుడు, జూదము వంటి దురలవాటు ఒకటి. దుఃఖము, ఆపద అనునది మరియొకటి. ‘ఊరక వ్యసనపడకుము’ అని పెద్దలు ఓదార్చునపుడు ఆ రెండవ అర్థములోనే వాడుదురు. రాజు విడువవలసిన 18 వ్యసనములను మనువు లెక్కించినాడు. కామమువలన పుట్టు పదింటిలో మిక్కిలి కష్టమైన నాలుగింటిని ఏర్పరచి, వానిలో పానమును మొదట ఉంచినాడు. మనము మొదటి అర్థమును పట్టుకొని తాగువానిని నిందించుచున్నాము గాని, రెండవ అర్థమును విచారించుట లేదు.

ఆ మేస్త్రితో తరువాత ఒకనాడు మాటలాడితిని. ఆయన తాగుడు సరదా కొరకు మొదలైనది కాదు. తోడబుట్టిన తమ్ముడు పరంజా మీదినుండి పడి మరణించినాడు. ఆ దినములలో నిద్ర పట్టక కూర్చున్న ఆయన చేతికి బంధువులలో పెద్దవాడొకడు గ్లాసు అందించి “తాగరా, నిద్ర పడుతుంది” అన్నాడట. దుర్బుద్ధితో అన్న మాట కాదు. నిద్ర పట్టినది కూడ. అయితే తమ్ముని గూర్చి ఆయన ఎవరితోను ఏడ్వలేదు. మగవాడు ఏడ్వరాదని మన ఇండ్లలో ఒక నియమము గదా! తాగుటకు మాత్రము అట్టి నిషేధము లేదు. ఇది ఎంత విపరీతమో ఒక్కసారి యోచింపుడు.

భాగవతము షష్ఠస్కంధములోని అజామిళోపాఖ్యానము మనకందరకు తెలిసినదే. నామమహిమను చెప్పుటకు దానిని వినిపించుదుము. అందుచేత కథ చివరనున్న ‘నారాయణా’ అను పిలుపువద్దకు త్వరగా పోవుదుము. నేను మిమ్ములను కథ మొదట కొంతసేపు నిలువుమని కోరుచున్నాను. అజామిళుడు పుట్టుకతో పాపి కాడు. వేదము చదివినవాడు, గురువులను, వృద్ధులను సేవించినవాడు. తండ్రి ఆజ్ఞపై అడవికి పోయి పండ్లు, పువ్వులు, సమిధలు, దర్భలు తీసికొని ఇంటికి వచ్చుచున్నాడు. దారిలో మద్యము తాగి మైమరచిన ఒక జంట కంటబడినది. తన ధైర్యము, తన చదువు ఎంతవరకు తోడ్పడునో అంతవరకు మనస్సును నిలుపుటకు ఆయన ప్రయత్నించినాడనియు, నిలుపలేకపోయినాడనియు వ్యాసభగవానుడు స్పష్టముగా చెప్పినాడు. ఇంటికి పోయిన తరువాత కూడ దానినే తలపోసినాడు. గీత రెండవ అధ్యాయములో భగవానుడు చూపిన మెట్లు ఇవియే. విషయమును తలపోయగా తలపోయగా సంగము పుట్టును. సంగమునుండి కామము, అటనుండి క్రోధము, మోహము, స్మృతినాశము, బుద్ధినాశము. మొదటి మెట్టు మీద కనబడునది పాపము కాదు, పదే పదే తలపోయుట.

ఆధునిక వైద్యులు మరియొక మాట చేర్చుచున్నారు. తాగుడునకు లొంగు స్వభావములో ఇంచుమించు సగము పాలు వంశమునుండి సంక్రమించునని కవలలపై చేసిన పరిశోధనలు తెలుపుచున్నవి. ఒకే బల్లవద్ద కూర్చున్న నలుగురిలో ముగ్గురు లేచిపోయి ఒక్కడు లేవలేకపోవుటకు ఇదియు ఒక హేతువు. తక్కిన పాలు మనస్సుది, ఇంటిది, ఊరిది.

ఇప్పుడు మాల విషయమునకు వత్తము. దీక్షలో ఆ మేస్త్రికి ఏమేమి లభించినవి? మొదట ఆయన పేరు మారినది. భార్య ‘స్వామి’ అన్నది, పిల్లలు ‘స్వామి’ అన్నారు. “బస్సులో తెలియనివాళ్లు కూడా ‘కూర్చోండి స్వామీ’ అంటారండీ. మాల తీశాక మళ్లీ ‘ఒరేయ్’ అంటారు” అని ఆయనే నాతో అన్నాడు. ఆ మాట నేటికిని నా చెవిలో ఉన్నది. సాయంకాలము కాగానే పోవుటకు ఒక చోటు, అనగా పీఠము, ఏర్పడినది. పడిపూజలో, భజనలో, శరణుఘోషలో గొంతు కలుపుటకు పదిమంది తోడు దొరకినారు. ఒకనాడు రాకపోయినచో ఎందుకు రాలేదని అడుగుటకు గురుస్వామి ఉన్నాడు. తాగుటకు పిలుచు స్నేహితులు నల్లబట్టలు చూచి తామే ప్రక్కకు తొలగినారు. మాల విరమణతో ఇవి అన్నియు ఒక్కనాడే పోయినవి. పీఠమునకు తాళము పడినది. శనివారము కూలి చేతికి వచ్చినది, ఒళ్లునొప్పులు వచ్చినవి, పాత స్నేహితులును వచ్చినారు. 42వ దినమున మారినది ఆయన మనస్సు కాదు, ఆయన చుట్టునున్న సంగము.

పరదేశములో జరిగిన ఒక పరిశోధన దీనికి సరిపోవుచున్నది. 1971లో వియత్నాము యుద్ధభూమినుండి స్వదేశమునకు మరలిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అను పండితురాలు పరిశీలించినది. అక్కడ హెరాయిను వంటి మత్తుపదార్థములకు దాసులైనవారు ఎందరో ఉన్నారు. ఇంటికి చేరిన మొదటి యేట వారిలో తిరిగి దాసులైనవారు నూటికి సుమారు 5గురు మాత్రమే. భయము, ఒంటరితనము, చేతికందు మత్తు, ఈ మూడును ఆ చోటనే ఉండిపోయినవి. మన మేస్త్రి ప్రతి యేడును తన యుద్ధభూమికే తిరిగి వచ్చుచున్నాడు.

అట్లయిన దుకాణములు మూసివేసిన చాలదా అని కొందరు అడుగుదురు. మౌసలపర్వమును స్మరింపుడు. ద్వారకలో మద్యము చేసినవానిని బంధువులతోకూడ శూలమున ఎక్కింతుమని చాటింపు వేయించినారు. అయినను ప్రభాసతీర్థములో యాదవులు తాగి, తుంగను పెరికి ఒకరినొకరు చంపుకొనినారు. మన రాష్ట్రములోను 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. రెండవది 1997లో సడలిపోయినది. కాబట్టి శాసనము వ్యర్థమని నేననను. ఆ సారా నిషేధమును తెచ్చినది ఎవరు? నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొన్న స్త్రీలు 1992లో మొదలిడిన ఉద్యమము. అంతవరకు ప్రతి ఇల్లాలును తన ఇంటి దెబ్బలను తలుపు వెనుక దాచుకొన్నది. ఒకచోట కూర్చుండగానే అందరి కథయు ఒకటియే అని తెలిసినది. ఆ సారాను సర్కారువారు ప్యాకెట్లలో ‘వారుణివాహిని’ పేర అమ్మించినారు. క్షీరసాగర మథనములో పుట్టిన వారుణి పేరు దానికి పెట్టినవారెవరో గాని, పురాణము చదివినవారే అయియుందురు!

తెలంగాణ పల్లెలలో గ్రామదేవతకు కల్లు సాక పోయు ఆచారము ఉన్నది. దానిని నేనిప్పుడు విమర్శించుట లేదు. నేను చెప్పునది, గ్లాసు లేనిదే పొద్దు గడువని స్థితిని గూర్చి.

ఒక హెచ్చరిక తప్పక చేయవలెను. ఏండ్ల తరబడి ప్రతి దినము మిక్కుటముగా తాగినవాడు మాల వేసికొని ఒక్కసారిగా మానినచో, రెండు మూడు దినములలో చేతులు వణకవచ్చును. లేనివి కనబడవచ్చును, మూర్ఛ రావచ్చును. దీనిని దేవుని ఆగ్రహమనియో, దీక్షలో దోషమనియో, గాలి సోకినదనియో భావించి తాయెత్తుల కొరకు తిరుగవలదు. ఇది ప్రాణాపాయము కలిగించు వైద్యసమస్య. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మాల వేయుటకు ముందే వైద్యుని సంప్రదించుమని గురుస్వాములు చెప్పవలెను. ఔషధము తీసికొనినంతమాత్రమున దీక్షకు భంగము లేదు. కేంద్రప్రభుత్వమువారి 14446 సంఖ్యకు ఫోను చేసినచో మాన్పించు కేంద్రముల వివరములు ఉచితముగా తెలుపుదురు.

1935లో అమెరికాలోని ఆక్రన్ నగరములో బిల్ విల్సన్ అను ఒకడు వ్యాపారము చెడి, హోటలులో ఒంటరిగా నిలిచి, ఎదుటనున్న మద్యశాలను చూచి భయపడినాడు. అప్పటికి కొన్ని నెలలుగా ఆయన మానియున్నాడు. తనవలె తాగుడుతో బాధపడువాని నొకనిని చూపుమని ఊరిలోనివారికి ఫోను చేసినాడు. అట్లు దొరకినవాడు బాబ్ స్మిత్ అను వైద్యుడు. ఆ ఇద్దరి మాటలనుండియే ‘ఆల్కహాలిక్స్ ఎనానిమస్’ అను సంఘము పుట్టినది. మన దేశములోను దాని కూటములు జరుగుచున్నవి. నావల్ల కాదని ఒప్పుకొని తనకు మించిన శక్తిని శరణు పొందుట, తనవంటివానికి తోడు నిలుచుట అక్కడి సాధన. శరణాగతి తెలిసిన మనకు ఇది కొత్త కాదు. అజామిళుడు కూడ యమపాశములు వీడిన తరువాత పాత ఇంటిలోనే ఉండిపోలేదు. సాధువులతో క్షణకాలము కలిగిన సంగమువలన విరక్తుడై గంగాద్వారమునకు వెళ్లిపోయినాడు.

మన మేస్త్రి గంగాద్వారమునకు పోలేడు. ఆలుబిడ్డలు ఉన్నారు, పని ఉన్నది. అందుచేత గురుస్వామిగారితో ఆలోచించి ఒక చిన్న ఏర్పాటు చేసినాము. మాల లేకపోయినను పీఠము తలుపు శనివారము సాయంకాలము తెరచియుండును. కూలి డబ్బు ముందుగా ఇంటికి చేరును, ఆయన పీఠమునకు చేరును. దీపములు వెలిగించుట, పడి కడుగుట వంతులవారీగా సాగును. అక్కడ ఏడాది పొడుగున ఆయనను అందరును ‘స్వామి’ అనియే పిలుతురు. భార్యయు అట్లే పిలుచుచున్నది. తమ్ముని సంవత్సరీకము నాడు ఆయన మొదటిసారి పదిమందిలో వెక్కివెక్కి ఏడ్చినాడు. ఎవ్వరును ఊరుకొమ్మనలేదు.

ఫాల్గుణములో ఒకసారి తప్పినాడు. రెండు శనివారములు ముఖము చాటుచేసినాడు. మూడవ శనివారము గడప దాటి లోనికి రాక బయటనే నిలిచినాడు. గురుస్వామి ఏమియు అడుగలేదు. నీళ్లబిందె చేతికిచ్చి, “రండి స్వామీ, ఇవాళ పడి కడిగే వంతు మీదే” అన్నాడు.