యాక్టింగ్ కాదమ్మా, లీవ్ వేకెన్సీ

బుజ్జీ,

నిన్న బిస్టుపూర్ రామాలయం నుంచి తిన్నగా ఇటే వచ్చి, పులిహోర పొట్లంతో పాటు నీ బయోడేటా కూడా నా చేతిలో పెట్టావు. "ఇంగ్లీషు తప్పులుంటే దిద్దు తాతయ్యా" అన్నావు. నలుగురూ ఉన్నారని, బాగుందని ఊరుకున్నాను. నిజానికి బాగానే ఉంది. ఒక్క మాట మాత్రం రాత్రంతా పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. 'యాక్టింగ్ మ్యాథ్స్ టీచర్' అని రాశావు.

34 ఏళ్లు ఈ ఊళ్లో ఒక కంపెనీ ఆఫీసులో టైపు కొట్టిన వాణ్ని. ఏ కంపెనీ అన్నది ఇప్పుడెందుకులే. రోజూ నా మిషను మీద నడిచినవన్నీ ఈ కాగితాలే. ఎవరు సెలవు పెట్టారు, వాళ్ల చోట ఎవరు, ఎన్నాళ్లకి, అలవెన్సు ఉందా లేదా. ఒకడి బదులు ఇంకొకడు కూర్చోడానికి ఇంగ్లీషులో ఇన్ని మాటలెందుకురా అని మొదట్లో విసుక్కునేవాణ్ని. ఒక్కో మాట వెనక ఒక్కో లెక్క ఉందని తెలిసేసరికి నా జుట్టు సగం నెరిసింది.

మీ ముత్తాత సంగతి చెప్పానో లేదో. ఆమదాలవలసలో రైలెక్కి, ఖరగ్‌పూర్‌లో మారి, టాటానగర్‌లో దిగేనాటికి ఆయనకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర పేర్లు రాసుకునే బాబు ఈయన్ని చూసి "తుమ్ బద్లీ" అన్నాడట. ఈయన గుండె జారిపోయింది. మన వైపు బదిలీ అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపెయ్యడమే కదా! "ఇంకా పనిలో చేరనే లేదు, అప్పుడే బదిలీ చేసేశారు" అని మా అమ్మకి కార్డు రాయించాడు. ఆ కార్డు ఇప్పటికీ మన ట్రంకుపెట్టెలో ఉంది. బదిలీ, బద్లీ ఒక తల్లి పిల్లలే. మన దగ్గర పెరిగింది ఊరు మారడానికి వాడుకయింది, మిల్లుల్లో పెరిగింది మనిషి మారడానికి. బద్లీ అంటే తెల్లారగట్టే గేటు దగ్గర నిలబడాలి. ఎవడైనా రాకపోతే ఆ పూట వాడి పని నీది. అందరూ వచ్చేస్తే క్యారేజీతో ఇంటికి. "ఇంకొకడికి జ్వరం వస్తే గాని మనకి అన్నం లేదురా, అయినా ఎవడికీ రాకూడదనే దణ్ణం పెట్టుకునేవాణ్ని" అనేవాడు మా నాన్న.

ఈ బద్లీ మాటని ఇంగ్లీషు వాడు కూడా మార్చలేక, చట్టంలో అలాగే రాసుకున్నాడు. నా సర్వీసంతా బల్ల మీద ఉన్న 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్లలో బద్లీ వేరు, టెంపరరీ వేరు. పని శాశ్వతం, దాని అసలు మనిషి కొన్నాళ్లు లేడు, అతని చోట వచ్చినవాడు బద్లీ. పనే కొన్నాళ్లది, అది అయిపోతే ఇక ఎవరికీ లేదు, ఆ పనికి పెట్టుకున్నవాడు టెంపరరీ. చూశావా, ఒకచోట తాత్కాలికం మనిషి, ఇంకోచోట తాత్కాలికం పని. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ పరిహారం దగ్గర ఇంకో మెలిక పెట్టారు. పరిహారం బద్లీకి లేదు. కానీ ఎడతెగకుండా ఏడాది సర్వీసు పూర్తయితే అతన్ని ఇక బద్లీగా లెక్కేయకూడదు. ఆ ఏడాది నిండుతుందా లేదా అని ఎంతమంది వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నారో నాకు తెలుసు.

ఇక నీ యాక్టింగు. ఈ మాట అధికారం ఉన్న కుర్చీలకి నప్పుతుంది. మన వి.వి. గిరి గారు ఉపరాష్ట్రపతిగా ఉండగా, 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పోయారు. ఆ రోజునుంచి గిరి గారు యాక్టింగ్ ప్రెసిడెంట్. ఒకప్పుడు మన ఊరి మీదుగా పోయే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టినాయన, మా ఇంట్లో ఆయన మాటంటే వేదం. ఎన్నికల్లో నిలబడాలని జూలై 20న ఉన్న పదవి వదిలేశారు. అప్పుడు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా గారు ఆ పని చూశారు. ఆగస్టు 24న గిరి గారు గెలిచి వచ్చి ప్రమాణం చేశారు. అద్దెకున్నాయన మధ్యలో ఇల్లు ఖాళీ చేసి, సొంతదారుడై తాళం తీసుకున్నట్టు.

రాజ్యాంగం ఇక్కడ రెండు క్రియలు వాడింది. రాష్ట్రపతి పోయినా, రాజీనామా చేసినా ఉపరాష్ట్రపతి రాష్ట్రపతిగా 'యాక్ట్' చేస్తాడు. ఊళ్లో లేకపోయినా, జబ్బు పడినా 'విధులు నిర్వర్తిస్తాడు', అంతే. 1960లో రాజేంద్రప్రసాద్ గారు రష్యా వెళ్లినప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు చేసింది ఆ రెండోది. ఒకచోట కుర్చీ ఖాళీ, ఇంకోచోట కుర్చీకి మనిషి ఉన్నాడు, గదిలో లేడంతే. రెండింట్లోనూ ఆ కాలానికి రాజ్యసభ అధ్యక్ష స్థానంలో కూర్చోడానికి వీల్లేదు. తన కుర్చీ దిగి ఈ కుర్చీ ఎక్కాలన్నమాట. దీన్ని 'అడిషనల్ చార్జి'తో కలిపేయకు. 2024 మార్చిలో అప్పటి మన జార్ఖండ్ గవర్నరు సి.పి. రాధాకృష్ణన్ గారికి తెలంగాణ కూడా అప్పగించారు. రాంచీ కుర్చీ దిగలేదు, హైదరాబాదు కుర్చీ కూడా ఎక్కారు. ఇంటర్వ్యూలో అడిగితే ఈ ఒక్క ఉదాహరణ చెప్పు, చాలు.

నా తలనొప్పి వేరు. మా హెడ్ క్లర్కుకి టీబీ వచ్చి 11 నెలలు రాలేదు. ఆ 11 నెలలూ ఆయన బల్ల దగ్గర నేనే. సంతకాలు నావి, తిట్లు నావి, సెలవుల తగాదాలు నావి. ఆఖర్న 'అఫిషియేటింగ్' అలవెన్సు వస్తుందని మీ నాయనమ్మకి కుట్టుమిషను కొంటానని చెప్పేశాను కూడా. ఒక మనిషికి హక్కున్న పోస్టులో ఇంకొకరు పూర్తి బాధ్యతతో పనిచెయ్యడాన్ని మన దేశపు ఆఫీసుల్లో అఫిషియేట్ చెయ్యడం అంటారు. మామూలు ఇంగ్లీషులో ఆ మాట పెళ్లి చేయించే పంతులుగారికీ, ఫుట్‌బాల్ రిఫరీకీ వాడతారు, అది వేరే సంగతి. తీరా వెళ్లి అడిగితే ఆఫీసరు ఫైలు తిప్పి ఆర్డరు చూపించాడు. అందులో ఉన్నది 'అఫిషియేటింగ్' కాదు, 'లుకింగ్ ఆఫ్టర్'. రోజువారీ పని చూస్తూ ఉండమని. దానికి పైసా రాదు. కింద ఎడమ మూలన టైపు చేసినవాడి పొడి అక్షరాలున్నాయి. అవి నావే. ఆ ఆర్డరు నేనే కొట్టాను, తల్లీ! స్పెల్లింగు చూసుకున్నాను గాని అర్థం చూసుకోలేదు. కుట్టుమిషను మరో మూడేళ్లకి గాని రాలేదు.

అందుకే నీకు చెప్తున్నాను. ఆ స్కూలు వాళ్లు నీకిచ్చిన కాగితంలో ఉన్నది 'లీవ్ వేకెన్సీ'. అక్కడి అసలు టీచరు ప్రసూతి సెలవులో ఉంది, ఆ సెలవు 26 వారాలు. ఉద్యోగం ఆమెది, పాఠం నీది. అలాగే రాయి: మ్యాథ్స్ టీచర్, లీవ్ వేకెన్సీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. మీ అమెరికా అత్త 'సబ్‌స్టిట్యూట్' అని రాయమందట. అక్కడ సబ్‌స్టిట్యూట్ అంటే ఎక్కువగా ఒకటి రెండు రోజులు వచ్చి పిల్లల్ని కాచిపోయే మనిషి. ఇంగ్లండులో ఆ పని చేసేవాళ్లని 'సప్లై టీచర్' అంటారు, పాలు పోసినట్టు. నువ్వు ప్రశ్నపత్రం తయారుచేసి, పేపర్లు దిద్ది, తల్లిదండ్రులకి జవాబు చెప్తున్నదానివి. కీనన్ స్టేడియంలో మేం చూసిన కాలంలో సబ్‌స్టిట్యూట్ ఫీల్డింగే చేసేవాడు, బ్యాటూ లేదు బౌలింగూ లేదు. తలకి దెబ్బ తగిలినవాడి బదులు వచ్చినవాడు ఆడొచ్చని అంతర్జాతీయ క్రికెట్లో 2019లో గాని ఒప్పుకోలేదు. నువ్వు మొదటి రోజు నుంచీ ఆడుతున్నావు కదా. 'ఇంటరిమ్' కూడా వద్దు. పాతవాళ్లు వెళ్లిపోయి, కొత్తవాళ్లు ఇంకా రానప్పటి మాట అది.

నిన్న వెళ్తూ వెళ్తూ "ఎంతైనా నేను స్టెప్నీనే కదా తాతయ్యా" అని నవ్వావు. లారీలు తయారయ్యే ఊళ్లో పుట్టి ఆ మాట అంత తేలిగ్గా అనకు. స్టెప్నీ అన్నది వేల్స్ దేశంలో ల్లనెల్లీ అనే ఊళ్లో ఒక వీధి పేరు. 1904 ప్రాంతంలో ఆ వీధిలో తయారైన స్పేర్ చక్రానికి ఆకులుండేవి కావు. గాలి పోయిన చక్రాన్ని ఊడదీయకుండా, దాని పక్కనే బిగించి నడిపేవారు. పాత చక్రం ఎక్కడికీ పోదు, బండి మాత్రం ఆగదు. లీవ్ వేకెన్సీని ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

సరే, బయోడేటా ఈ వారంలోనే మార్చెయ్యి. వచ్చేటప్పుడు స్కూలు నుంచి తేదీలు వేసిన రిలీవింగ్ లెటరు అడిగి తీసుకో. సంతకం పెట్టేముందు ఒక్కో మాటా చదువు, నాలాగా టైపు చేసి పారెయ్యకు. స్టాఫ్ రూమ్ టైమ్‌టేబుల్‌లో ఆవిడ పేరు మీద నీ పేరు చీటీ అంటించారన్నావు కదా. ఆవిడ బిడ్డనెత్తుకుని తిరిగొచ్చే రోజున ఆ చీటీ ఎవరో చింపేదాకా ఉండకు. నువ్వే జాగ్రత్తగా ఊడదీసి ఇంటికి పట్రా. ట్రంకుపెట్టెలో మీ ముత్తాత కార్డు పక్కన చోటుంది.

మీ తాతయ్య
కద్మా, జంషెడ్‌పూర్