ఓర్పు ఎవరి నష్టమును ఓర్చుకొనవలెను?

వర్తకములో వృద్ధి పొందినవారిని చూచి, వారికి తెలివి, ధైర్యము, ఓర్పు కలవని మనము చెప్పుకొందుము. ఇవి మంచి గుణములే. అయితే మనుష్యుని ధనవంతునిగా చేయు గుణములు అతనిని నీతిమంతునిగా చేయుటకు చాలునా?

ఇంగ్లండులోని బర్మింగ్‌హాము పట్టణమున రిచర్డు కాడ్బరీ, జార్జి కాడ్బరీ అను అన్నదమ్ములు 1861లో తమ తండ్రి కోకో వ్యాపారమును చేపట్టిరి. వారు క్వేకరు క్రైస్తవులు. వ్యాపారము నష్టములో నుండెను. తల్లివలన వచ్చిన ధనమును అందులో పెట్టి, ఓర్పుతో శ్రమించిరి. ఆ కాలమున కోకోలో పిండి కలుపుట వర్తకులకు వాడుక. వీరు 1866లో పిండి కలుపని కోకోను అమ్మసాగిరి, వ్యాపారము నిలిచెను. 1879లో పట్టణము వెలుపల బోర్న్‌విల్ అను చోటికి కర్మాగారమును మార్చిరి. తరువాత అక్కడ తోటలతో కూడిన ఇండ్లు వెలసెను.

అయితే 1901లో ఆ కుటుంబపు కంపెనీకి ఒక వార్త చేరెను. ఆఫ్రికా తీరమున పోర్చుగీసువారి ఏలుబడిలోనున్న సావో తోమే ద్వీపమునుండి తాము కొనుచున్న కోకో గింజలు బానిసల చెమటతో పండుచున్నవట! కంపెనీవారు విచారణ చేయించిరి, అధికారులతో మాటలాడిరి. కొనుచున్నంత కాలమే తమ మాట చెల్లునని తలంచి, 1909 వరకు కొనుట మానరైరి. ఒక పత్రిక వారిని నిందింపగా వ్యాజ్యము వేసిరి. 1909లో జూరీ వారి పక్షముననే తీర్పు చెప్పెను. గాని ఇప్పించిన నష్టపరిహారము ఒక్క ఫార్తింగు, అనగా పావు పెన్నీ మాత్రమే.

వారికి లోపించినది ఓర్పు కాదు. మొదట వారు తమ నష్టమును తామే ఓర్చుకొనిరి, అది సద్గుణము. పిమ్మట కంటికి కనబడని కూలివాని బాధను ఓర్చుకొనిరి. అది సద్గుణము కాదు. గుణము ఒక్కటే, భారము మోసినవాడు వేరు.

పొలము కోసినవారి కూలి బిగబట్టినయెడల ఆ మొఱ దేవుని చెవిని చేరునని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో హెచ్చరించెను. మన గ్రామములలోను దుకాణము పెట్టినవారు, ధాన్యము కొనువారు, కూలివారిని పిలుచువారు కలరు. త్రాసు సరిగా నున్నదా యని కొనువాడు చూచును. మూట మోసినవానికి కూలి ముట్టినదా యని ఎవరు చూతురు? ప్రియులారా, లెక్క తేలువరకు ఓర్చుకొమ్మని పేదవానితో చెప్పకముందు, ఆ ఓర్పు మన వంతు కాదా యని ప్రభువు సన్నిధిని మనలను మనము పరీక్షించుకొందము.